వంటింటి మాట కోర్టుకెక్కింది: ‘హ్యాష్ వాల్యూ’ పుట్టుక

సీసీటీవీ ఫుటేజీ, ఫోన్ సంభాషణ రికార్డు, వాట్సాప్ చాటింగు, హార్డ్ డిస్కులోని లెక్కల ఫైలు... వీటిలో దేని కాపీనైనా ఇవాళ మన కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే వెంట ఒక సర్టిఫికెట్ ఉండాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం ఆ సర్టిఫికెట్ నమూనాను తన షెడ్యూలులోనే ఇచ్చింది. అందులో రెండు భాగాలు. మొదటిది రికార్డు దాఖలు చేసే పక్షం నింపాలి, రెండోది నిపుణుడు నింపాలి. రెండింటిలోనూ ఒక మాట కనిపిస్తుంది: హ్యాష్ వాల్యూ. ఆ విలువ ఎంతో రాసి, దాన్ని ఏ పద్ధతిలో రాబట్టారో గడిలో టిక్కు పెట్టాలి. షా-1, షా-256, ఎండీ5, ఇతరం అని నాలుగు గళ్లు.

ఒక ఇంటి ఆస్తి తగాదా, ఒక కుర్రాడి బెయిలు, ఒక ఉద్యోగి మీద వచ్చిన లంచం కేసు ఆ గడి దగ్గర తేలిపోవచ్చు. అయినా ఆ మాట ఎక్కడిదో, దాన్ని ఎంతవరకు నమ్మాలో తెలుగులో విడమరిచి చెప్పినవాళ్లు తక్కువ. ఈ మాట విషయంలో పుట్టుక తెలిస్తే పనితీరు సగం తెలిసినట్టే. కాబట్టి అక్కడినుంచే మొదలుపెడదాం.

ఫ్రెంచి భాషలో ‘హాష్’ అంటే గొడ్డలి. దాని నుంచి వచ్చిన క్రియ ‘హాషే’, అంటే నరకడం, ముక్కలు చేయడం. చిన్న గొడ్డలిని ఇంగ్లీషువాళ్లు ‘హ్యాచెట్’ అనేది ఈ కుదురులోంచే. పటాల్లో కొండవాలు చూపించడానికి దగ్గరదగ్గరగా గీసే సన్నని గీతల్ని ‘హ్యాషూర్’ అనేదీ ఇందులోంచే. కత్తిగాట్లలా ఉంటాయి కదా. 17వ శతాబ్దంలో ఈ మాట ఇంగ్లీషు వంటింట్లోకి వచ్చింది. లండన్ నౌకాదళ కార్యాలయంలో పెద్ద ఉద్యోగి శామ్యూల్ పెపీస్ 1663 జనవరి 13న ఇంటికి అతిథుల్ని పిలిచి విందు చేశాడు. ఆనాటి డైరీలో వంటకాల జాబితా రాస్తూ కుందేలు మాంసంతో చేసిన ‘హ్యాష్’ను కూడా ఎక్కించాడు. ఇంగ్లీషు నిఘంటుకారులు ఈ పదాన్ని తవ్వుకుంటూ వెళ్లి తొలినాళ్ల ఆధారంగా చూపించేది ఆ పద్దునే.

మనకైతే కైమా అంటే చాలు. మాంసాన్ని సన్నగా కొట్టి, కలిపి, ఒక ముద్ద చేస్తారు. ఆ ముద్దను చూసి మేక ఎలా ఉండేదో ఎవరూ చెప్పలేరు, దాని నుంచి మేకను మళ్లీ నిలబెట్టలేరు. కలగాపులగం అయింది, గందరగోళం అయింది అనే అర్థం ఇంగ్లీషులో ఈ మాటకు తర్వాత అంటుకుంది. పని చెడగొట్టినవాడు దాన్ని ‘హ్యాష్’ చేశాడంటారు. కంప్యూటరువాళ్లు తీసుకున్నది ఈ మూడింటినీ: నరకడం, కలిపేయడం, తిరిగి రాకపోవడం.

ఇక్కడ ఇంకో రెండు ‘హ్యాష్’లను పక్కకు పెట్టాలి, లేకపోతే పేచీ వస్తుంది. ఫోన్ మీటల మీద ఉండే అడ్డగీతల గుర్తును కూడా హ్యాష్ అంటారు. 2007 ఆగస్టులో క్రిస్ మెస్సినా ట్విటర్‌లో వాడి చూపించాక హ్యాష్‌ట్యాగ్ అయింది ఇదే. ఈ పేరు అడ్డగీతలు గీయడాన్ని చెప్పే ‘హ్యాచ్’ నుంచి మారి ఉంటుందని నిఘంటుకారుల అంచనా. అదే నిజమైతే ఇదీ ఆ గొడ్డలి సంతానమే, దాయాది వరస. మూడోది మాత్రం పూర్తిగా పరాయిది. విశాఖ ఏజెన్సీ నుంచి హైదరాబాద్‌కు తరలిస్తుండగా పట్టుబడిందని పత్రికల్లో చదివే హాష్ ఆయిల్‌లోని ‘హాష్’ అరబ్బీ మాట ‘హషీష్’కు పొట్టిరూపం. దాని అర్థం ఎండుగడ్డి. అలాంటి కేసులో పట్టుకున్న సరుకు ఒక హాష్, నిందితుడి ఫోన్ నుంచి తీసిన డేటాకు ఇంకో హ్యాష్ రెండూ ఒకే చార్జిషీటులో ఉండే అవకాశం ఉంది. రెంటికీ ఏ చుట్టరికమూ లేదు.

ఇక కంప్యూటర్ కథ. హాన్స్ పీటర్ లూన్ 1896లో జర్మనీలో పుట్టాడు. అమెరికా వెళ్లి బట్టల పరిశ్రమలో పనిచేశాడు. గుడ్డలో అంగుళానికి ఎన్ని పోగులున్నాయో చూపించే లూనోమీటర్ అనే చిన్న సాధనం ఆయన కనిపెట్టిందే. 1941లో ఐబీఎంలో చేరాడు. 1953 జనవరిలో తోటి ఉద్యోగుల కోసం ఒక అంతర్గత నోట్ రాశాడు. లక్షల రికార్డుల్లో ఒకదాన్ని వెతకాలంటే మొదటి నుంచి చివరిదాకా చూడక్కర్లేదు, రికార్డు నంబరునే కొంచెం చితక్కొట్టి, దాంట్లోంచి వచ్చిన చిన్న నంబరును అర నంబరుగా వాడండి అన్నది దాని సారాంశం.

ఆ పద్ధతి ఎలా ఉంటుందో చేసి చూద్దాం. 3152476098 అనే పదంకెల నంబరు తీసుకోండి. రెండేసి అంకెలుగా విడగొడితే 31, 52, 47, 60, 98. ఒక్కో జతలోని అంకెల్ని కూడితే 4, 7, 11, 6, 17. ప్రతిదాంట్లో చివరి అంకె ఒక్కటే ఉంచితే 4, 7, 1, 6, 7. అంటే 47167వ అర. మళ్లీ ఎప్పుడు ఆ నంబరు అడిగినా ఇదే లెక్క వేసి నేరుగా ఆ అర తెరవచ్చు. పదంకెలు అయిదయ్యాయి. అసలు నంబరు పోయింది, జాడ మిగిలింది.

ఇప్పుడు మొదటి జతను 31కి బదులు 13 చేయండి. కూడితే మళ్లీ 4. అర నంబరు మళ్లీ 47167. రెండు వేరు నంబర్లు ఒకే అరలో పడ్డాయి. దీన్ని కంప్యూటరువాళ్లు కొలిజన్ అంటారు, ఢీకొట్టడం అని. వెతకడానికి ఇది పెద్ద చిక్కు కాదు. అరలో రెండు రికార్డులుంటే రెండూ చూస్తాం, అంతే. లూన్ కూడా దీన్ని ముందే ఊహించి, ఒకే అరలో పడినవాటిని గొలుసుగా కట్టమన్నాడు. కానీ కోర్టు సంగతి వేరు. రూ. 31 లక్షల రశీదుకూ రూ. 13 లక్షల రశీదుకూ ఒకే జాడ వస్తే సాక్ష్యం ఏమవుతుంది? ఈ ప్రశ్న దగ్గరికి మళ్లీ వస్తాం.

లూన్ గురించి ఇంకో సంగతి చెప్పకుండా దాటలేను. పోలీసులు ఫోన్ స్వాధీనం చేసుకున్నప్పుడు పంచనామాలో 15 అంకెల ఐఎంఈఐ నంబరు రాస్తారు. ఆ పదిహేనో అంకె ముందున్న పద్నాలుగింటినీ ఒక లెక్కలో పెట్టి రాబట్టినది, నంబరు తప్పు రాస్తే పట్టివ్వడానికి. ఆ లెక్క కూడా లూన్‌దే. దానికి ఆయన 1954లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. బ్యాంకు కార్డుల చివరి అంకె వెనక ఉన్నదీ అదే. డిజిటల్ సాక్ష్యం మీద రాసే రెండు ముఖ్యమైన సంఖ్యల వెనకా బట్టల పరిశ్రమ నుంచి వచ్చిన ఒకే మనిషి ఆలోచన ఉంది. అతని పేరు మన పాఠ్యపుస్తకాల్లో ఉండి తీరాలని నా అభిప్రాయం.

అయితే లూన్ పద్ధతి ఇచ్చాడు గానీ, దానికి హ్యాష్ అనే పేరు స్థిరపడటానికి చాలా ఏళ్లు పట్టింది. 1956లో ఆర్నాల్డ్ డ్యూమీ, 1957లో ఐబీఎంకు చెందిన వెస్లీ పీటర్సన్ ఈ విషయం మీద వ్యాసాలు ప్రచురించారు. అప్పటికింకా అది అచ్చుకెక్కిన మాట కాదు. ప్రోగ్రామర్లు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు వాడుకునే వంటింటి మాట. గంభీరమైన పత్రికలో రాయడానికి మొహమాటపడ్డారు. కంప్యూటర్ శాస్త్రానికి పెద్ద దిక్కు లాంటి డొనాల్డ్ నూత్ తన గ్రంథం మూడో సంపుటంలో ఈ సంగతి వెతికి నమోదు చేశాడు. 1960ల మధ్యకల్లా అందరి నోటా నలిగిన ఈ మాట 1967లో హెలర్మన్ పాఠ్యపుస్తకంలో కనిపించేదాకా అచ్చులో రాలేదని ఆయన తేల్చాడు. మరుసటి ఏడాది, 1968లో, బెల్ ల్యాబ్స్‌కు చెందిన రాబర్ట్ మోరిస్ రాసిన సమీక్షా వ్యాసంతో దానికి శాస్త్ర గౌరవం దక్కింది.

ఆ మోరిసే ఈ కథను మలుపు తిప్పినవాళ్లలో ఒకడు. యూనిక్స్ వ్యవస్థలో వాడకందార్ల పాస్‌వర్డులను ఉన్నవి ఉన్నట్టు దాచకుండా, వెనక్కి తిప్పలేని లెక్కలో నలిపి దాచే పద్ధతి ఆయనది. దాని మీద 1979లో కెన్ థాంప్సన్‌తో కలిసి రాసిన వ్యాసం కంప్యూటర్ భద్రత చదివేవాళ్లకు ఇప్పటికీ మొదటి పాఠం. వెతకడానికి పుట్టిన ఉపాయం ఇక్కడ కాపలాకు మళ్లింది. 1976లో విట్‌ఫీల్డ్ డిఫీ, మార్టిన్ హెల్‌మన్ డిజిటల్ సంతకం అనే ఆలోచన తెచ్చాక అవసరం ఇంకా పెరిగింది. వంద పేజీల దస్తావేజు మొత్తం మీద సంతకం చేయడం కంప్యూటరుకు భారం. దాని హ్యాష్ మీద చేస్తే సరిపోతుంది, ఆ హ్యాష్‌ను ఎవరూ మోసం చేయలేని పక్షంలో.

అలా లూన్ లెక్కకు రెండు కఠిన షరతులు వచ్చి చేరాయి. హ్యాష్ చూసి అసలు ఫైలును తిరిగి రాబట్టడం ఆచరణలో సాధ్యం కాకూడదు. ఒకే హ్యాష్ వచ్చే రెండు ఫైళ్లను తయారుచేయడమూ సాధ్యం కాకూడదు. మన సమాచార సాంకేతిక చట్టం, 2000 మూడో సెక్షన్‌లో హ్యాష్ ఫంక్షన్‌కు ఇచ్చిన నిర్వచనంలో ఈ రెండు షరతులూ ఉన్నాయి. పాతికేళ్లుగా మన చట్టంలో ఉన్న మాటే ఇది, ఇప్పుడు కొత్తగా వచ్చింది కాదు.

ఆ షరతులకు తగ్గట్టు తయారైన లెక్కల్లో మొదట బాగా వాడకంలోకి వచ్చింది రోనాల్డ్ రివెస్ట్ రూపొందించిన ఎండీ5. 1992లో బయటకు వచ్చింది. 1995లో అమెరికా ప్రభుత్వ ప్రమాణంగా షా-1, 2002లో షా-256 వచ్చాయి. షా అంటే ‘సురక్షిత హ్యాష్ లెక్క’ అనే ఇంగ్లీషు పేరుకు పొడి అక్షరాలు. ఫలితాన్ని 0 నుంచి 9 దాకా అంకెలు, ఎ నుంచి ఎఫ్ దాకా ఇంగ్లీషు అక్షరాలు కలిపి రాస్తారు. ఎండీ5 అయితే 32, షా-1 అయితే 40, షా-256 అయితే 64 అక్షరాలు వస్తాయి. సర్టిఫికెట్‌లో టిక్కు పెట్టిన గడికీ రాసిన అక్షరాల సంఖ్యకూ పొంతన లేకపోతే అక్కడే దొరికిపోతుంది. దీనికి నిపుణుడు అక్కర్లేదు, వేలు పెట్టి లెక్కపెడితే చాలు.

ఫైలు ఎంతదైనా ఫలితం అంతే. మూడక్షరాల ఫైలుకూ 64, మూడు గంటల వీడియోకూ 64. ‘ఎబిసి’ అనే మూడు చిన్న ఇంగ్లీషు అక్షరాలకు షా-256 విలువ బిఎ7816బిఎఫ్ అని మొదలవుతుంది. ప్రపంచంలో ఏ కంప్యూటరులో చేసినా ఇదే రావాలి. ఒక్క అక్షరం మార్చండి, మొత్తం 64 అక్షరాలూ తారుమారవుతాయి, పాతదానికీ కొత్తదానికీ పోలికే కనిపించదు. రావడానికి వీలున్న ఫలితాల సంఖ్య రాస్తే 78 అంకెలు పడుతుంది.

న్యాయవాదులు గుర్తుంచుకోదగ్గ విలువ ఒకటుంది. ఏమీ లేని ఖాళీ ఫైలుకు కూడా హ్యాష్ ఉంటుంది. షా-256లో అది ఇ3బి0సి442 అని మొదలవుతుంది. షా-1లో డిఎ39ఎ3ఇఇ అని, ఎండీ5లో డి41డి8సిడి9 అని. హ్యాష్ రిపోర్టులో ఒక ఫైలు పేరు ఎదురుగా ఇలా మొదలయ్యే విలువ కనబడిందంటే ఆ ఫైల్లో ఏమీ లేదు, కాపీ చేసేటప్పుడు ఏదో తప్పు జరిగి ఉండవచ్చు. పెన్‌డ్రైవ్‌లో పేరు ఉంటుంది, లోపల సున్నా.

న్యాయరంగంలోకి ఈ మాట అమెరికా ద్వారా వచ్చింది. అక్కడ సివిల్ దావాల్లో ఎదుటిపక్షానికి కాగితాలన్నీ చూపించాలి. ఆ కాగితాల మీద వరస నంబర్లు వేయడానికి న్యూయార్క్‌కు చెందిన ఎడ్విన్ బేట్స్ 1890లలో పేటెంట్లు పొందిన స్టాంపు యంత్రం ఉండేది. ఒక్కో గుద్దుకు నంబరు ఒకటి పెరుగుతుంది. వందేళ్లకు పైగా ‘బేట్స్ నంబరు’ అన్నది వాళ్ల కోర్టు భాషలో భాగం. కాగితాల స్థానంలో ఫైళ్లు వచ్చాక, స్టాంపు స్థానంలో హ్యాష్ రావాలని రాల్ఫ్ లోసీ అనే న్యాయవాది 2007లో ఒక సుదీర్ఘ వ్యాసం రాశాడు. అదే ఏడాది మేరీల్యాండ్‌లో మేజిస్ట్రేట్ జడ్జి పాల్ గ్రిమ్ ఒక బీమా కేసు తీర్పులో ఎలక్ట్రానిక్ రికార్డు అసలుదేనని చూపించే మార్గాల్లో హ్యాష్‌ను కూడా చెప్పాడు. 2017 డిసెంబరు 1 నుంచి అమలైన అక్కడి ఫెడరల్ సాక్ష్య నియమం ప్రకారం, హ్యాష్ సరిపోయిందని అర్హుడైన వ్యక్తి ధ్రువపత్రం ఇస్తే ఆ కాపీని నిరూపించడానికి మళ్లీ సాక్షిని బోనెక్కించే పని సాధారణంగా ఉండదు.

మన దగ్గర 2000లోనే పాత సాక్ష్య చట్టంలో ఎలక్ట్రానిక్ రికార్డులకు సర్టిఫికెట్ గురించి చెప్పే 65బి సెక్షన్ చేరింది. సర్టిఫికెట్ తప్పనిసరా కాదా అన్న వాదన ఏళ్ల తరబడి నడిచి, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో తప్పనిసరేనని సుప్రీంకోర్టు ఖాయం చేసింది. కానీ ఆ సర్టిఫికెట్‌లో హ్యాష్ ఉండి తీరాలని సెక్షన్ చెప్పలేదు. ఆ లోటును కొత్త చట్టం తీర్చింది. ఈ మార్పును నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తాను. ‘ఈ కంప్యూటర్ బాగానే పనిచేస్తోంది’ అని సంతకం పెట్టడం వేరు, ఎవరైనా మళ్లీ లెక్కవేసి సరిచూసుకోగల విలువ రాసి సంతకం పెట్టడం వేరు.

అయితే నమూనాలోని గళ్ల విషయంలో నాకు గట్టి అభ్యంతరం ఉంది. 2004లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో జరిగిన సదస్సులో చైనా గణిత శాస్త్రవేత్త షియావోయున్ వాంగ్ బృందం ఎండీ5లో కొలిజన్లు చూపించింది. ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్ మీద కూడా ఆ పని చేయవచ్చు. 2017 ఫిబ్రవరిలో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధన సంస్థ సీడబ్ల్యూఐ, గూగుల్ కలిసి ఒకే షా-1 విలువ వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్ ఫైళ్లను లోకం ముందు పెట్టాయి. అందుకు దాదాపు 92 వేల కోట్ల కోట్ల షా-1 లెక్కలు వేయాల్సివచ్చింది. రెండు పత్రాల రంగు వేరు, జాడ ఒకటే. లూన్ అరలో 31, 13 పడ్డట్టే ఇవీ పడ్డాయి. 2030 చివరికల్లా షా-1 వాడకం పూర్తిగా ఆపేయాలని అమెరికా ప్రమాణాల సంస్థ 2022లో ప్రకటించింది. మన చట్టం ఆ తర్వాతి ఏడాది వచ్చింది. అయినా షా-1, ఎండీ5 గళ్లు షా-256తో సమానంగా నిలబడి ఉన్నాయి.

భయపెట్టడం నా ఉద్దేశం కాదు కాబట్టి ఒక తేడా స్పష్టంగా చెప్పాలి. ఒకే హ్యాష్ వచ్చేలా రెండు ఫైళ్లను మొదటి నుంచీ పథకం ప్రకారం వండటం ఒకటి. ఇప్పటికే ఉన్న ఒక ఫైలుకు, దాని హ్యాష్ చెదరకుండా, నకిలీని పుట్టించడం ఇంకొకటి. రెండోది ఎండీ5లో కూడా ఇవాళ ఆచరణలో ఎవరివల్లా కావడం లేదు. కనుక పదేళ్ల కిందట ఎండీ5తో సీలు చేసిన హార్డ్ డిస్కు సాక్ష్యం ఈ ఒక్క కారణంతో చెల్లకుండా పోదు. మొదటి ఫైలును తయారుచేసిన మనిషే మోసగాడైతేనే ప్రమాదం. ఒప్పంద పత్రాలు, ఇన్‌వాయిసుల కేసుల్లో అలాంటి మనుషులు ఉండరని ఎవరు హామీ ఇస్తారు?

హ్యాష్ ఏం చెప్పదో కూడా తెలియాలి. కొందరు దీన్ని డిజిటల్ వేలిముద్ర అంటున్నారు. వేలిముద్ర ఎవరిదో చెబుతుంది. హ్యాష్ ఆ ఫైలును ఎవరు చేశారో చెప్పదు, అందులో ఉన్నది నిజమో కాదో చెప్పదు. విలువ తీసిన క్షణం నుంచి అందులో మార్పు జరగలేదని మాత్రమే చెబుతుంది. జనవరిలో సీజ్ చేసిన ఫోన్ డేటాకు జూన్‌లో మొదటిసారి హ్యాష్ తీస్తే, మధ్య అయిదు నెలల గురించి అది మూగ.

పనిలో ఎదురయ్యే చిక్కులూ ఉన్నాయి. ఫొటోను వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది సైజు తగ్గించి పంపుతుంది. కంటికి అదే బొమ్మ, హ్యాష్ మాత్రం వేరు. డాక్యుమెంటుగా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. ఫైలు పేరు మార్చినంత మాత్రాన విలువ మారదు. తెరిచి మళ్లీ సేవ్ చేస్తే మారవచ్చు. ఫోరెన్సిక్ ల్యాబ్‌లో హార్డ్ డిస్కును కంప్యూటరుకు కలిపేటప్పుడు మధ్యలో రైట్ బ్లాకర్ అనే పరికరం పెడతారు. చదవనిస్తుంది, రాయనివ్వదు. అసలుకూ నకలుకూ విడివిడిగా హ్యాష్ తీసి రెండూ ఒకటేనని చూపిస్తారు. ఫోన్ అలా కాదు. ఆన్‌లో ఉన్న ఫోన్ తనలో తాను ఏదో ఒకటి రాసుకుంటూనే ఉంటుంది. ఒకే ఫోన్ నుంచి గంట తేడాతో రెండుసార్లు డేటా తీస్తే రెండు విలువలు వస్తాయి. దాన్ని పట్టుకుని తారుమారు చేశారని వాదించడం తప్పు. ఫోన్ నుంచి తీసి భద్రపరచిన ఫైలు విలువ మారితేనే అనుమానించాలి.

న్యాయవాదులకు, దర్యాప్తు అధికారులకు, సొంత కేసు కోసం తిరిగే మామూలు మనుషులకు నా విన్నపం ఇది. సర్టిఫికెట్‌లో షా-256 గడికే టిక్కు పెట్టించండి. విండోస్‌లోనూ లైనక్స్‌లోనూ దాన్ని లెక్కించే సాధనం ముందే ఉంది, పైసా ఖర్చు లేదు. రికార్డు చేతికి వచ్చిన రోజే విలువ తీసి పంచనామాలోనో మెమోలోనో రాయించండి, రెండో పక్షానికి ఆ కాగితం నకలు ఇవ్వండి. ఎదుటివాళ్లు ఇచ్చిన పెన్‌డ్రైవ్ చేతికొచ్చాక అందులోని ఫైలుకు మీరే ఒకసారి లెక్కవేసి, 64 అక్షరాలూ సర్టిఫికెట్‌తో సరిపోయాయో లేదో చూసుకోండి. సరిపోకపోతే అదే రోజు కోర్టుకు రాతపూర్వకంగా చెప్పండి.